గుత్తి కోట మీద మురారిరావు గద్దె

హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, డోన్ దాటి అనంతపురం జిల్లాలో ప్రవేశించిన కొంతసేపటికి కొండల గుంపొకటి ఎదురవుతుంది. అన్నింటికన్నా ఎత్తయిన కొండ నెత్తిన కోట గోడలు కనబడతాయి. అదే గుత్తి. మన సభ్యులలో చాలామంది ఆ దారిన ఎన్నోసార్లు పోయి ఉంటారు. బదిలీ మీద కొందరు, కోర్టు పని మీద కొందరు, జిల్లా కేంద్రంలో మీటింగుకు నివేదికల కట్ట చంకన పెట్టుకొని మరికొందరు. బస్సు ఆగినప్పుడు టీ తాగి, "అదిగో గుత్తి కోట" అని పక్కవారికి చూపించి, మళ్లీ బస్సెక్కినవారే ఎక్కువ. ఎక్కి చూసినవారు తక్కువ.

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరారు. గుత్తి కోట చరిత్ర అంతా రాయాలంటే పెద్ద గ్రంథమవుతుంది. కాబట్టి ఆ కోట శిఖరాన, లోయ అంచున ఉన్న ఒక చిన్న మంటపం గురించి మాత్రమే రాస్తాను. దానికి మురారిరావు గద్దె అని పేరు. అక్కడ కూర్చుంటే ఆమడల దూరం కనబడుతుంది. అంత దూరం చూడగలిగిన మనిషి తన కోటను ఎట్లా పోగొట్టుకున్నాడన్నదే ఈ వ్యాసం.

కొండ, కోట, శాసనాలు

గుత్తి ఊరు కొండల నడుమ ఉంది. చుట్టూ కొండలు, వాటిని కలుపుతూ గోడలు, గోడలలో ద్వారాలు, బురుజులు. పైనున్న ప్రధాన దుర్గం సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తులో, కింది మైదానానికి దాదాపు వెయ్యి అడుగుల పైన ఉంది. కొండంతా నున్నటి బండ. ప్రకృతే సగం కోట కట్టింది, మిగిలిన సగం రాజులు కట్టారు.

కొండ మీది బండలపై శాసనాలున్నాయి. వాటిలో కొన్ని పడమటి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలం నాటివి. ఆయన 1076లో గద్దెనెక్కి, తన పేర శకమే ఆరంభించిన ప్రభువు. అంటే ఈ కొండ మీద రాత, లెక్క, రాజముద్ర మొదలై తొమ్మిది వందల ఏళ్లకు పైనే అయింది. విజయనగర కాలపు సంస్కృత శాసనం ఒకటి గుత్తిని దుర్గాలలో రాజుగా, బుక్కరాయల రాజ్యమనే చక్రానికి నాభిగా వర్ణించింది. ఆ మాట కేవలం పొగడ్త కాదని పైకెక్కి నిలబడినవారికి తెలుస్తుంది. నాలుగు దిక్కుల దారులూ ఈ కొండ చుట్టే తిరుగుతాయి.

1565లో విజయనగరం దెబ్బతిన్న తరువాత ఈ కోట గోలకొండ సుల్తానుల చేతికి, ఆ తరువాత మొగలుల చేతికి పోయింది. పద్దెనిమిదవ శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే దీనిని తన స్థావరం చేసుకున్నాడు.

మురారిరావు ఎవరు?

ఆ కాలంలో దక్షిణాదిన జరిగిన యుద్ధాల చరిత్ర ఏది తీసినా మురారిరావు పేరు కనబడకుండా పోదు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకొని చందా సాహెబును ఖైదు చేసినప్పుడు ఆ కోటకు అధిపతిగా ఉంచింది ఈయననే. 1743లో నిజాం ఉల్ ముల్క్ పెద్ద సైన్యంతో వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. 1751లో రాబర్టు క్లైవు ఆర్కాటు కోటలో ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, మురారిరావు గుర్రపు దండు క్లైవుకు సాయంగా కదిలిందన్న వార్త విని ముట్టడిదారులు తొందరపడి ఆఖరి దాడి చేశారు. ఓడిపోయి వెళ్లిపోయారు. కర్ణాటక యుద్ధాలలో ఆయన ఒకసారి ఇంగ్లీషువారి వైపు, మరొకసారి ఫ్రెంచివారి వైపు కనబడతాడు. ఆ రోజుల్లో అట్లా చేయని సర్దారు అరుదు. ఎవరి వైపు ఉన్నా ఆయన గుర్రపు దండంటే అందరికీ భయమే.

ఇంతటి మనిషి తన కోటలో కూర్చోవడానికి ఎంచుకున్న చోటు పెద్ద దర్బారు భవనం కాదు. లోయ అంచున, సుమారు మూడు వందల అడుగుల నిట్రంగా దిగిపోయే బండ నెత్తిన, సున్నం మెత్తి నునుపు చేసిన చిన్న మంటపం.

పైకెక్కి చూస్తే

మొన్న జనవరిలో మేము నలుగురు పెన్షనర్లం ఈ కోట ఎక్కాము. నాకు డెబ్భై మూడు నిండాయి. మిగతా ముగ్గురూ నాకన్నా రెండు మూడేళ్లు చిన్నవారు. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి, ద్వారం దగ్గరొకసారి, బురుజు నీడన ఒకసారి కూర్చుంటూ నింపాదిగా పోయాము. మాలో ఒకాయన ట్రెజరీ శాఖలో చేసినవాడు. "ఏమప్పా, సర్వీసంతా మెట్లెక్కినా ఇంత ఎత్తు ప్రమోషన్ రాలేదే!" అని ఆయన అంటే, నవ్వడానికి కూడా మాకు ఊపిరి చాలలేదు.

దారి పొడుగునా గమనించవలసింది ద్వారాలు. ఒక ద్వారం దాటగానే దారి వంకర తిరుగుతుంది. శత్రువు లోపలికి వచ్చినా పై గోడ మీదివారికి పక్కవాటుగా దొరుకుతాడు. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే వీలు లేదు. ఇంకా పైకి పోతే పాడుబడిన ధాన్యపు కొట్లు, మందుగుండు దాచిన గది, వ్యాయామశాల అని చెప్పే కట్టడం ఉన్నాయి. వాటన్నింటికన్నా నన్ను ఆపింది బండల సందుల్లో తొలిచిన బావులు, కోనేళ్లు. ఒకటి కాదు, రెండు కాదు. వాన నీటిని ఒక్క బొట్టయినా జారిపోనివ్వకుండా పట్టి నిలవ చేయాలన్న ఆలోచన అడుగడుగునా కనబడుతుంది. ఒక బావికి కింది వాగుతో సంబంధముందని స్థానికులు చెబుతారు. అది జనం నోటి మాట.

గద్దె దగ్గరికి వెళ్లాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. కింద గుత్తి ఊరు మొత్తం అరచేతిలో ఉన్నట్టు ఉంది. ఇళ్లు అగ్గిపెట్టెలు, మనుషులు చీమలు. కొంత దూరాన రైల్వే జంక్షను. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైల్వే, జి.ఐ.పి. రైల్వే కలిసినప్పటి నుంచి మద్రాసు, బొంబాయిల మధ్య రైళ్లు ఈ మీదుగా నడుస్తున్నాయి. పడమట గుంతకల్లు వైపు పట్టాలు సన్నని గీతలా సాగిపోతాయి. దక్షిణాన పామిడి, అనంతపురం దారి. ఆగ్నేయాన తాడిపత్రి దిక్కు. ఈశాన్యాన డోన్ దిక్కు. వాయవ్యాన పత్తికొండ దిక్కు. నడుమ ఎర్ర చెలకలు, నల్లరేగళ్లు, వేరుశనగ కోసేసిన బీళ్లు. గుర్రాల మీద దండు వస్తుంటే, ఆ ధూళి చూసే సగం రోజు ముందుగా తెలిసిపోతుంది.

కింద విన్న కథ ఒకటి అక్కడ గుర్తుకు వచ్చింది. మురారిరావు ఈ గద్దె మీద చదరంగం ఆడేవాడట, ఊయల ఊగేవాడట, మధ్యమధ్య వినోదానికి ఖైదీలను ఈ బండ మీంచి కిందికి తోయించేవాడట. పాత గెజిటీర్లలో కూడా ఈ మాట ఉంది, కాని అక్కడా "అట" అనే ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు చూసినవాడిని. "అట" అన్న కాగితం మీద ఉత్తర్వు వేయరాదని నేర్చుకున్నాను. నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆ అంచు చూసినవారెవరికైనా అట్లాంటి కథ అల్లబుద్ధి వేస్తుందన్నది మాత్రం నిజం. అయితే ఈ కథ చెప్పేవారు దానితోనే ఆగిపోతారు. నమోదైన అసలు కథ ఇంతకన్నా పెద్దది.

నీళ్ల లెక్క

1775లో మైసూరు ప్రభువు హైదరాలీ బళ్లారిని పట్టుకొని, అక్కడి నుంచి గుత్తి మీదికి వచ్చాడు. ఊరు, కింది కోట పడిపోయాయి. సైన్యమూ జనమూ పై దుర్గంలో చేరారు. పై దుర్గాన్ని బలంతో పట్టడం హైదరాలీకి కూడా సాధ్యపడలేదు. ముట్టడి సాగింది. వానాకాలం దాటింది. మన సీమలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల దాపు. చలికాలం వచ్చాక కొండ మీద కోనేటిలో ఉన్నదే నీరు, కొత్తగా వచ్చేది లేదు. తాగే నోళ్లు మాత్రం మామూలు కన్నా ఎన్నో రెట్లు పెరిగాయి.

చివరకు మురారిరావు రాజీకి ఒప్పుకున్నాడు. కొంత నగదు, కొంత నగలూ వెండి బంగారాలూ ఇచ్చి, మిగతా సొమ్ముకు జామీనుగా తన సర్దారు ఒకరి కొడుకును హైదరాలీ శిబిరానికి పంపాడు. తరువాత జరిగింది 1905లో వెలువడిన అనంతపురం జిల్లా గెజిటీరులో ఉంది. శిబిరంలో ఆ కుర్రవాడిని బాగా మర్యాద చేశారు. భోజనం పెట్టారు. పొగిడారు. మీవంటి వీరులు రాజీకి ఎట్లా దిగారని మాటల్లో పెట్టి అడిగారు. మేమేమీ భయపడి దిగలేదు, నీళ్లే లేకపోయాయి, మూడు రోజులకు సరిపడా మాత్రమే మిగిలాయి అని వాడు చెప్పేశాడు.

అంతే. వచ్చిన నగలు చెప్పిన విలువ చేయవని వంక పెట్టి హైదరాలీ రాజీ రద్దు చేశాడు. జామీనును తిప్పి పంపాడు. ముట్టడి బిగించి ఊరకే కూర్చున్నాడు. ఒక్క గుండు ఎక్కువ పేల్చవలసిన పని లేకపోయింది. 1776లో మురారిరావు షరతులేమీ లేకుండా లొంగిపోయాడు. ఆయనను శ్రీరంగపట్టణానికి, అక్కడి నుంచి కబ్బాలదుర్గానికి పంపారు. ఆ కొండకోటలోనే బందీగా ఆయన కన్నుమూశాడు. తిరుచిరాపల్లిని ఏలినవాడు, తన కదలిక వార్తతోనే ఆర్కాటు ముట్టడిదారులను తొందరపెట్టినవాడు, మరొక కొండ మీద బందీగా పోయాడు.

ఇందులో మనవంటి కాగితాల మనుషులకు అర్థమయ్యే సంగతి ఒకటుంది. గుత్తిని పడగొట్టింది ఫిరంగి కాదు, స్టాకు రిజిస్టరులోని ఒక్క పద్దు. గద్దె మీద కూర్చుంటే శత్రువు గుడారాలు, గుర్రాలు, వంట పొగలు అన్నీ లెక్కపెట్టవచ్చు. వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేస్తే బండలో కోనేరు ఉంది. అందులో నీరు రోజుకు ఎన్ని జానలు దిగుతున్నదో, అది ఎవరికి తెలియాలో, ఎవరి నోట బయట పడకూడదో చూసే ఏర్పాటు గట్టిగా లేకపోయింది. ఆ కుర్రవాడిని ద్రోహి అనలేము. వాడు తనవారి పౌరుషం నిలబెట్టాలనే ఆ మాట అన్నాడు. లెక్క తెలిసినవాడిని పంపడమే దెబ్బ తీసింది.

కింద మరొక గుర్తు

కోట దిగాక చూడవలసినది మరొకటి ఉంది. కొండ పాదాన పాత ఇంగ్లీషు శ్మశానవాటిక. సర్ థామస్ మన్రోను మొదట ఖననం చేసింది ఇక్కడే. గద్దె మీంచి కనబడిన పొలాలకూ ఆయనకూ సంబంధం ఉంది.

1792, 1799 సంధుల వల్ల మైసూరు నుంచి నిజాముకు వచ్చిన ఈ సీమను ఆయన 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. అదే దత్తమండలం. దానికి ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు మన్రో పని చేశాడు. గుడారాలలో ఉంటూ ఊరూరా తిరిగాడు. పొలాలను 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. రెవెన్యూలో పని చేసిన సభ్యులకు ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా వస్తుంది. నేను చేరిన తాలూకా ఆఫీసు రికార్డు గదిలో కూడా పైమాష్ నంబర్ల మాట వినబడేది. ఆ మాట వెనుక ఉన్నది ఆ గొలుసే.

మన్రోను దేవుణ్ని చేయనక్కరలేదు. ఆయన వేసిన శిస్తు బరువైనదే. కాని ఊళ్లు తిరిగినందువల్ల బరువని తెలుసుకున్నాడు. వెళ్లిపోతూ 1807లో శిస్తును నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవారు వినలేదు. రైతులతో నేరుగా లెక్క పెట్టుకునే పద్ధతి తీసేసి ఊళ్లను గుత్తకిచ్చారు. మొదట మూడేళ్ల గుత్తలు, తరువాత పదేళ్ల గుత్తలు. ఎందరో గుత్తదార్లు, రైతులు దివాలా తీశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే రైత్వారీ పద్ధతి, ఆ తగ్గింపు అమలులోకి వచ్చాయి. ఒక నోటు మీద ఉత్తర్వు రావడానికి పదమూడేళ్లు! ఆ పదమూడేళ్లు రైతు ఇంట్లో ఎట్లా గడిచాయో ఊహించండి. మన బల్లల మీద ఫైలు ఆలస్యమైతే అది ఎవరి కంచంలో అన్నం తగ్గిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా దృష్టాంతం అక్కరలేదు.

1827లో స్వదేశానికి పోబోయే ముందు ఈ సీమను మరొకసారి చూసిపోదామని మన్రో వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింటు జార్జి కోటలోని సెయింటు మేరీ చర్చికి తరలించారు. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టేవారని పెద్దలు చెప్పేవారు. పరాయి పాలకుడి పేరు పిల్లలకు పెట్టుకోవడం ఆలోచించదగ్గ విషయం. ఆయన ఎత్తున కూర్చున్నందుకు కాదు, తమ చేనిగట్టు దాకా వచ్చినందుకు ఆ పేరు నిలిచిందని నాకనిపిస్తుంది.

గద్దె మీంచి చూస్తే పొలాలు రంగు గుడ్డ ముక్కల్లా అందంగా ఉన్నాయి. ఏ ముక్కకు శిస్తు ఎక్కువ పడిందో, ఏ బావి ఎండిందో, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఎత్తు నుంచి తెలియదు. ఎత్తు వల్ల విస్తారం కనబడుతుంది, వివరం కనబడదు. పాలనకు రెండూ కావాలి. మనం చేసినవి చిన్న ఉద్యోగాలని చిన్నబుచ్చుకునే మిత్రులకు నేను చెప్పేది ఇదే. కోనేటి గట్టున నిలబడి నీళ్ల మట్టం కొలిచి నిజం రాసేవాడు లేకపోతే, గద్దె మీద ఎంతటి వీరుడు కూర్చున్నా కోట నిలవదు. మన పని ఆ కోనేటి గట్టు పనే.

చూడబోయే సభ్యులకు

గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న జాతీయ ప్రాముఖ్యం గల కట్టడం. రైలు దిగినవారు జంక్షను నుంచి ఊళ్లోకి ఆటోలో రావాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పోవడం మేలు. ఎండాకాలం మన వయసువారు ఎక్కరాదు, బండ కాలిపోతుంది. తెల్లవారగానే మొదలుపెట్టి, పది గంటలకు దిగివచ్చేటట్లు చూసుకోవాలి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కింది ద్వారాలు, శ్మశానవాటిక చూసినా ప్రయాణం వృథా కాదు. గద్దె దగ్గర అంచుకు పోవద్దు. గాలి బలంగా కొడుతుంది. చేతికర్ర తప్పనిసరి.

మంటపం గోడల మీద మేకులతో పేర్లు చెక్కినవారు చాలామంది ఉన్నారు. మనవలను తీసుకుపోయినప్పుడు ఆ పని చేయవద్దని ముందే చెప్పండి. చాళుక్యుల నాటి అక్షరాలు తొమ్మిది వందల ఏళ్లుగా ఉన్న కొండ మీద మన పేరు గీకడం గొప్ప కాదు.

ఇక చివరి సూచన. మనిషికి రెండు లీటర్ల తక్కువ కాకుండా మంచినీళ్లు వెంట తీసుకుపోండి. పైన దొరకవు. ఈ కోట 1776లో చెప్పిన పాఠం అదే.